ఎడమపక్క హారను

జూన్ 4
పొద్దున ముసురు, మధ్యాహ్నానికి తెరిపి. నీళ్ల ట్యాంకు కడిగాను.

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. ఫోనులో నేను ‘ఊఁ’, ‘సరే’ తప్ప ఏమీ మాట్లాడనని ఉత్తరం రాశానన్నావు. సరే.

మామయ్య లారీకి ఇప్పటి సౌకర్యాలన్నీ పెట్టమన్నావు. లీవు దొరకగానే వచ్చి ‘కాగితాల సంగతి తేలుస్తాను’ అన్నావు. కాగితాలు నీ పేరునే ఉన్నాయి. మామయ్య పోయేముందు అలాగే రాయించారు. ఇన్నేళ్లూ నేను నడుపుకున్నాను, మీ అక్కకూ నాకూ ఇల్లు గడిచింది. ఇందులో తేల్చడానికి ఏమీ లేదు. బండి నీది. నీకు కావలసినట్టు చేసి పెడతాను.

నిన్న బానెట్ ఎత్తి చూశాను. వైర్ల మీద గుడ్డ తొడుగు ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. వైర్లన్నీ నలుపే. మామయ్య ఒకే పెద్ద చుట్ట కొని బండంతా లాగేశారు. ఏది ఎక్కడికి పోతుందో తెలియడానికి చివర్లకు దారం చుట్టి ముడులు వేశారు. ఒక ముడి హెడ్‌లైటు, రెండు హారను, మూడు వైపరు. చీకట్లో కూడా చేత్తో తడిమి పని చేసే మనిషి అని అందరం చెప్పుకునేవాళ్లం, గుర్తుండే ఉంటుంది.

డైనమో ముసలిది. లైట్లు వేస్తే హారను గొంతు తగ్గిపోతుంది. నువ్వు చెప్పిన ఫోను చార్జరు, ఫ్యాను, వెనక చూపించే కెమెరా దానిమీద నడవవు. అది తీసి, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరు పెట్టాలి. ఫ్యూజుల పెట్టె కావాలి, ఎర్త్ కొత్తగా లాగాలి. ఆ సామాను ఇక్కడ దొరుకుతుంది. వైర్ల కట్ట మాత్రం అక్కడి నుంచి పంపు.

నీ మోకాలి నుంచి మడమ దాకా పొడవెంతో టేపుతో కొలిచి రాయి. చేతి పొడవు కూడా.

మీ అక్క కులాసా.

బావ


జూన్ 13

బావగారికి ఒక్కగానొక్క బావమరిది రెండు చేతులా (అందులో పని చేసేది ఎడమదే) నమస్కారం.

నీళ్ల ట్యాంకు శుభ్రపడిందని తెలిసి మా ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. అయినా బావా, ఉత్తరం మొదలుపెట్టేది ఇలాగా? ‘ముసురు, తెరిపి, ట్యాంకు’! మీ నోటికి ఎవరో ఫ్యూజు పీకేశారని అక్క ఊరికే అనదు.

‘బండి నీది’ అని రాశారు. మీ మర్యాద నాకు కొత్తా? కాగితాల సంగతి ఉత్తరాల్లో వద్దు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. అందాకా మీరు దాని గురించి ఆలోచించకండి.

వైర్ల కట్ట పార్శిల్లో పంపాను. ఆడపిల్ల జడలా అల్లి ఉంటుంది, చూడముచ్చటగా. ఒక్కో లైనుకు ఒక్కో రంగు. నీలం ఒకదానికి, నలుపు ఒకదానికి, పసుపు, తెలుపు, అన్నీ కాగితంలో రాసి ఉన్నాయి. నాన్న ముడుల బాధ ఇక లేదు. కళ్లు మూసుకుని బిగించేయొచ్చని షాపువాడు హామీ ఇచ్చాడు. దానితోపాటు కెమెరా, దాని బుల్లి తెర, చార్జరు, క్యాబిన్ ఫ్యాను పెట్టాను.

కొలతలు వెనక రాశాను. నా కాళ్లు మీకు తెలిసినవే. చిన్నప్పుడు నన్ను ‘నిచ్చెన’ అని పిలిచింది మీరే కదా. అక్కడ మంచి టైలరు దొరికినట్టున్నాడు! గుడ్డ కాస్త ముదురు రంగుదైతే ఆఫీసుకు కూడా వేసుకుంటాను. నడుము కొలత అడగలేదు, అదీ రాశాను. మొహమాటపడకండి.

ప్యాంటు కోసం ఎదురుచూస్తూ,
నిచ్చెన


జూన్ 24
ఎండ. గాలి లేదు. పెరటి తలుపు బందు మార్చాను.

బావమరిదికి,

పార్శిలు అందింది. ప్యాంటు ఏమిటో అర్థం కాలేదు. మీ అక్కనడిగితే తనకూ తెలియదంది.

ఏ వస్తువూ నా దగ్గర పది రోజులు పని చేయనిదే బండి ఎక్కదు. అది నా పద్ధతి. ఫ్యాను మంచం పైన కట్టాను, బాగానే తిరుగుతోంది. చార్జరు మీ అక్క ఫోనుకు పెట్టాను. కెమెరాను పెరటి తలుపుకు బిగించి, తెరను వంటింట్లో పెట్టాను. పెరట్లో బట్టలు ఆరేస్తూ పక్కింటావిడ మనింటి గురించి ఏమంటోందో మాట వినపడదు గానీ, మొహం కనపడుతుంది. రెండిళ్లకూ ఇప్పుడు మాటల్లేవు. కెమెరా మంచిది.

డైనమో తీసేశాను. ఆల్టర్నేటరుకు పాత బిగింపు సరిపోలేదు, ఇనుప పట్టీ కోసి కొత్తది చేశాను.

వైర్ల కట్టతో ఇబ్బంది ఉంది. కాగితంలో నీలం, నలుపు వేరని రాశారు. వైర్లు చూస్తే రెండూ ఒకటే. తెలుపు, పసుపు కూడా అంతే. రంగు పూసినవాడు సరిగా పూయలేదు. ఆకుపచ్చ వెలిసిపోయింది. ఇది పాత సరుకు. మార్చమని అడుగు.

బానెట్ తుప్పు గీకి రంగు వేశాను. మామయ్య వేసిన నీలమే. మీ అక్క చూసి ఏమీ అనలేదు.

స్టీరింగు నుంచి సీటు వరకు మళ్లీ కొలిచాను. నీ కొలతలకు ఎడం చాలదు. చూస్తాను.

బావ


జూలై 3

అయ్యా బావగారూ,

మీ పుణ్యమా అని ఆ షాపుకు ఇక నేను తలెత్తుకుని వెళ్లలేను. జరిగింది వినండి.

నేను వెళ్లి కౌంటరు మీద చెయ్యి వేసి, ‘పాత సరుకు అంటగడతారా? మా బావ ఎవరనుకున్నారు?’ అన్నాను. షాపువాడు అలాంటిదే ఇంకో కట్ట తీసి బల్ల మీద పరిచాడు.

‘ఇది నీలం కాదా సార్?’

‘నీలమే.’

‘ఇది?’

‘నలుపు.’

‘మరి మీ బావగారికి ఇచ్చింది కూడా ఇందులోదే.’

‘మా బావకు పంపింది వేరే! నువ్వు మార్చి కట్టావు!’

గుమాస్తాలంతా పని ఆపి వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కడూ వచ్చి ‘నీలం’, ‘నలుపు’ అని బడిపిల్లల్లా అప్పజెప్పి వెళ్లాడు. చివరికి షాపువాడు మెల్లగా, ‘కోపం తెచ్చుకోకండి. మీ బావగారు ఈమధ్య కళ్లు చూపించుకున్నారా?’ అన్నాడు. ఊరుకుంటానా! ‘మా బావ దీపం లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడు. మీ షాపులో అందరి కళ్లూ కలిపినా ఆయన ఒక్క కంటికి సాటిరావు’ అని కేకలేసి వచ్చేశాను. పరువు నిలబెట్టాను గానీ కట్ట మార్చలేదు. ఇంకో షాపులో చూస్తాను.

ఈ పార్శిల్లో చిన్న నల్ల పెట్టె ఉంది. అన్నిటికంటే ముందు దాన్ని బండికి బిగించండి. అది ఉంటే బండి ఎక్కడుందో నా ఫోనులో చుక్కలా కనపడుతుంది. అందులో చిన్న బ్యాటరీ ఉంది, పక్కనున్న మీట నొక్కితే చాలు, వైరు తగిలించకపోయినా నెల దాకా పని చేస్తుంది. ఎందుకు అని అడక్కండి. నాకు నిద్ర పడుతుంది.

ప్యాంటు సంగతి అక్క దాచి పెడుతోందని నాకు తెలుసు. పండిన నటి.

మీ పరువు కాపాడినవాడు


జూలై 12
మబ్బు. సాయంత్రం చినుకులు. ఇస్త్రీపెట్టె తీగ మార్చాను.

బావమరిదికి,

షాపువాడితో ఇక గొడవ వద్దు. ఇంకో షాపు కూడా వద్దు. రంగులు బాగానే ఉన్నాయి. వీలైతే అతనికి నా తరఫున ఒక మాట చెప్పు. తప్పు సరుకుది కాదు.

ఒక్కో వైరునూ బ్యాటరీకి, బల్బుకు కలిపి చూసి, ఏది ఏదో పట్టుకున్నాను. చివర్లకు ముడులు వేస్తున్నాను. మామయ్య లెక్కే, ఒకటి హెడ్‌లైటు, రెండు హారను. కొత్తగా వచ్చిన ఫ్యానుకు నాలుగు, కెమెరాకు ఐదు, చార్జరుకు ఆరు. నువ్వు గుర్తు పెట్టుకో, పనికొస్తుంది.

నల్ల పెట్టె అందింది. బండి మీద నిఘా ఉండాలనుకోవడంలో తప్పు లేదు. నీ వస్తువు. పెట్టెను పరీక్షిస్తున్నాను.

సీటు పాత బెజ్జాల నుంచి విప్పి, వెనక కొత్త బెజ్జాలు కొట్టి బిగించాను. నేను కూర్చుంటే పెడలు అందదు. హారనుకు ఎడమపక్క కూడా ఒక మీట పెట్టాను. చార్జరు, ఫ్యాను మీటలు కూడా ఎడమకే.

బావ


ఆగస్టు 2

బావగారికి,

ఈ ఉత్తరంలో జోకులు లేవు. ఇన్సూరెన్సు ఆఫీసులో నా పని ఏమిటో మీకు తెలుసు. బండికి దెబ్బ తగిలిందంటూ డబ్బు అడిగేవాళ్ల మాటల్లో అబద్ధం ఎక్కడుందో పట్టుకోవడం. ఆ పని ఇంటివాళ్ల మీద చేయాల్సి వస్తుందని అనుకోలేదు.

లారీ సగం విప్పి ఉందని మీరు రాస్తున్నారు. నా ఫోనులో చుక్క మాత్రం రోజూ ఊరు తిరుగుతోంది. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, మార్కెట్టు దాటి, మందుల షాపులున్న వీధిలో మధ్యాహ్నం దాకా నిలబడుతోంది. మొన్న మంగలి షాపు ముందు కూడా ఆగింది. అంతకుముందు రోజు కూరగాయల మార్కెట్టు మధ్యలోకే వెళ్లిపోయింది! ఆ సందులో సైకిలు దూరదు, మీరు లారీ ఎలా దూర్చారో! మీ డ్రైవింగుకు దణ్ణం పెట్టాలి. వేగం కూడా మనిషి నడిచినంతే చూపిస్తోంది. అంత నెమ్మదిగా వెళ్తోందంటే లోడు ఎంత వేశారు?

మందుల సరుకు తోలుతున్నట్టున్నారు. తోలండి. నన్ను అడగక్కర్లేదు కూడా. కానీ దాచడం ఎందుకు? కొత్త వైరింగు నిలదొక్కుకోకముందే బరువులు మోయిస్తే మంటలు లేస్తాయి. ఇలా తగలబడినవి ఎన్ని చూశానో. బండి సంగతి అటుంచండి. అందులో కూర్చునేది ఎవరు?

జవాబు రాయండి. ముసురు, తెరిపి కాకుండా.

మీ బావమరిది


ఆగస్టు 9
ఎండ. గోడ గడియారానికి కీ ఇచ్చాను.

బావమరిదికి,

బండి ఇంటి ముందే ఉంది. చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మలు ఉన్నాయి. జూన్ నుంచి అడుగు కదలలేదు.

నల్ల పెట్టె నా చేతిసంచిలో ఉంది. పది రోజులు పని చేయనిదే ఏదీ బండి ఎక్కదని నీకు ముందే రాశాను. మధ్యలో రెండు రోజులు ఆగి ఆగి పని చేసింది. అందుకని మళ్లీ మొదటి నుంచి పది రోజులు పెట్టాను. నువ్వు చూసిన చుక్క సంచి. సంచి ఎక్కడికి వెళ్లిందో రాయవలసిన అవసరం కనపడదు.

నిన్న వైరింగు పూర్తయింది. అన్నీ వెలుగుతున్నాయి, అన్నీ తిరుగుతున్నాయి. లైట్లు వేసినా హారను గొంతు తగ్గడం లేదు. పెట్టెను కూడా రేపు బిగిస్తాను. నీ బండి సిద్ధంగా ఉంది. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లు.

బావ

(వెనక పేజీలో)

ఒరేయ్ తమ్ముడూ, ఆయన కవరు అంటించబోతుంటే ‘ఇలా ఇవ్వండి, జిగురు నేను పెడతా’ అని లాక్కున్నా. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే నువ్వే సర్దుకో.

నీకు బుద్ధుందా? మందుల వీధిలో ఉన్నది కళ్ల డాక్టరు. ఆ షాపువాడి మాట నువ్వు గొప్పగా రాశావు కదా, అది చదివి ఈయన ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు. తర్వాత నాక్కూడా చెప్పకుండా వెళ్లి చూపించుకున్నాడు. చుక్కలు వేసి గంటలు గంటలు కూర్చోబెడతారట. రెండు కళ్లకీ శుక్లాలు, ముదిరిపోయాయి. ఆపరేషన్ చేస్తే శుభ్రంగా కనిపిస్తుందని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. ఈయన వినడే! ‘బండి పని అయ్యాక చూద్దాం’ అంటాడు. నేను ఒకరోజు వెంట పడి వెళ్లా. డాక్టరు ముందు ఏమన్నాడో తెలుసా? ‘బావమరిది బండి తీసుకెళ్లిపోయాక తొందరేముందండీ, అప్పుడు నేను చూడాల్సింది మాత్రం ఏముంటుంది’ అన్నాడు.

నువ్వు బండి పట్టుకుపోతావనే ఇదంతా. నీ కాళ్లు పొడుగని సీటు వెనక్కి, నీది ఎడమచెయ్యని మీటలన్నీ ఎడమకి. ఆ సీట్లో కూర్చుంటే ఈయన కాళ్లు గాల్లో వేలాడుతున్నాయిరా. నువ్వేమో ప్యాంటంటావు!

ఇంకోటి. బానెట్‌కి నీలం వేశానని రాశాడు చూడు, అది నీలం కాదు. ఊదా. పెళ్లి పందిరి మీద బల్బులా మెరుస్తోంది. వీధి వీధంతా వచ్చి చూసి పోతున్నారు. బండిని అందరూ మెచ్చుకుంటున్నారని ఈయన అనుకుంటున్నాడు. నేను నోరెత్తలేదు. ఎలా ఎత్తను?

నిజంగా పట్టుకుపోతావా బండి? ఒక్క మాటలో రాయి. నీ కథలొద్దు.

అక్క


ఆగస్టు 16

బావా,

పట్టుకుపోను. అక్క అడిగిన ఒక్క మాట ఇదే. ఇక నా కథలు.

నాకు లారీ నడపడం రాదు. మీరు ఎలా మర్చిపోయారు? నేను స్కూటరు నడిపితే వెనక కూర్చున్న అక్క కళ్లు మూసుకుని నా చొక్కా చింపేసింది. నేను లారీ ఏం చేసుకోను? మూడో అంతస్తులో ఉంటాను, బాల్కనీలో పెట్టుకోనా?

కాగితాల సంగతి తేలుస్తానంది మీ పేరుకు మార్పించడానికి. నాన్న నా పేరున రాయించడం నాకు మొదటి నుంచీ ముల్లులానే ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి, కాగితాలు మీ చేతిలో పెట్టి, మీరు ‘ఊఁ’ అంటారో ‘సరే’ అంటారో చూద్దామని దాచుకున్నాను. మహా తెలివి!

కెమెరా ఎందుకు పంపాను? మీ మెడ తిరగడం లేదు, వెనక్కి తీస్తూ మొన్న వేసవిలో గోడకు కొట్టారని అక్క చెప్పింది. ఫ్యాను మీరు ఎండాకాలంలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నడుపుతారని. నల్ల పెట్టె ఎందుకంటే, నిరుడు దారిలో ఇంజను ఆగిపోయి పగలంతా ఒంటరిగా కూర్చుని, ఇంటికొచ్చి ‘కొంచెం ఆలస్యమైంది’ అన్నారే, అందుకు. అన్నీ మీకోసం పంపాను. మీరేమో అన్నిటినీ నాకోసం బిగించారు. అబద్ధాలు పట్టుకుని జీతం తీసుకునేవాణ్ణి, సంచిని లారీ అనుకున్నాను. మా మేనేజరుకు చెప్పకండి.

షాపుకు వెళ్లాను. షాపువాడు నన్ను చూడగానే గుమాస్తాలను పిలవబోయాడు. ‘వద్దు, మీరన్నదే నిజం’ అన్నాను. ‘ఆపరేషన్ చేయించండి సార్, మా నాన్నకు చేయించాం, మర్నాడే గోడకు సున్నం బాలేదని తిట్టాడు’ అన్నాడు. వస్తూ వస్తూ మళ్లీ వెనక్కి పిలిచి రంగుల కాగితం ఇంకోటి ఇచ్చాడు, పెద్ద అక్షరాలది.

డాక్టరుతో ఫోనులో మాట్లాడాను. వచ్చే నెల మొదట్లోనే ఒక కన్ను, తర్వాత రెండోది. మీరు ‘ఊఁ’ అనక్కర్లేదు. ‘సరే’ అనక్కర్లేదు. వెళ్లి కుర్చీలో కూర్చోండి చాలు. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు. లీవు దొరకగానే కాగితాలు పట్టుకుని వస్తాను.

సీటు మాత్రం ముందుకు జరపండి. మీరు కాదు. ఎవరిచేతైనా.

ప్యాంటు రాదని ఇప్పుడే తెలిసినవాడు


సెప్టెంబరు 14
రాత్రి వాన పడి వెలిసింది. ఆకాశం నీలం. చేసిన పని కింద రాస్తాను.

బావమరిదికి,

ఈ ఉత్తరం చేరేలోపు నువ్వే ఇక్కడికి వచ్చేస్తావు. మధ్యాహ్నం బస్సుకు దిగుతావని మీ అక్క చెప్పింది. అయినా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే రాయడం కుదరదు.

కుడికన్ను అయింది. నొప్పి లేదు. కట్టు విప్పగానే డాక్టరు చొక్కా కనపడింది, దాని మీద ఇస్త్రీ మడత కనపడింది. మీ అక్క జుట్టు చాలా నెరిసింది. నాకు తెలియదు. ఆ మాటే అంటే, ‘ఇన్నాళ్లకు చూశారా’ అంది.

ఇంటికొచ్చి బండి చూశాను. చాలాసేపు చూశాను. మీ అక్క వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. నవ్వు బయటికి వినపడింది. ఆ డబ్బా మీద కూడా ఊదా అనే రాసి ఉంది. రంగు మార్చను. దూరం నుంచే మన బండి అని తెలుస్తుంది.

వైర్లు కూడా చూశాను. నీలం నీలమే, నలుపు నలుపే. ముడులు ఒక్కటి కూడా తప్పలేదు. ముడులు విప్పను.

మామయ్య పాత వైర్లు ఇంకా మూలనే ఉన్నాయి. చీకట్లో పని కోసం ముడులు వేశారని అనుకునేవాళ్లం. చివరి ఏళ్లలో దీపం పెట్టే వేళ అయితే నాన్న బండి దగ్గరికే వెళ్లేవాడు కాదని మీ అక్క నిన్న చెప్పింది. ఆ ముడులు పట్టపగలు వేసినవి. ఆయన కళ్ల సంగతి మనం ఎవరం అడగలేదు. అడిగినా ‘ఊఁ’ అనేవారు.

కాగితాలు నా పేరుకు మార్పిస్తానన్నావు. వద్దని రాద్దామని కాగితం తీశాను. మళ్లీ లోపల పెట్టాను. తెచ్చేయి.

రెండో కన్ను అయ్యాక, డాక్టరు సరేనంటే, మళ్లీ నడుపుతాను. దూరం పోను. నీకు నేర్పుతాను. మాటలు తక్కువ ఉంటాయి, అర్థం చేసుకోవాలి. సీటుకు వెనక కొట్టిన బెజ్జాలు పూడ్చను. ముందువి నాకు, వెనకవి నీకు. బోల్టులు విప్పి బిగించడం పెద్ద పని కాదు. ఎడమపక్క మీటలు కూడా అలాగే ఉంటాయి.

మాటల్లో పడి పని రాయడం మరిచాను. పొద్దున లేచి,

బయట హారను మోగింది. నేను రోజూ నొక్కేది కాదు, ఎడమపక్కది. దానికి రెండో ముడి వేసేటప్పుడు వైరు బిగింపు కాస్త వదులైంది, అందుకని ఆ గొంతు వేరు. ఆ మీట మీద చెయ్యి వేసే మనిషి ఇంకా బస్సులోనే ఉండాలి. మీ అక్క అరుస్తూ వీధిలోకి పరిగెత్తింది. మళ్లీ మోగింది. పొద్దున లేచి నేను